ఆటలు ‘ఆడవు’ అని రాసిచ్చాను

నా ఉద్యోగంలో నేను సంతకం పెట్టిన కాగితాలు ఎన్ని ఉంటాయో నాకే తెలియదు. వాటిలో ఒక్క కాగితంలో ఒక్క మాట మార్చుకోమంటే ‘ఆడవు’ అనే మాట మార్చుకుంటాను. ఆ చిన్న మాట వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఆ మనిషి చెప్పింది నిజమని నాకు తెలిసిన రోజు నా కాళ్ళూ చేతులూ ఎలా చల్లబడ్డాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు చదివితే సంతోషం. చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను పనిచేసింది నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో. ఊరి పేరెందుకు లెండి. కంప్యూటర్ ల్యాబ్‌కు ఇన్‌ఛార్జిని. కిటికీ తెరిస్తే ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. ఉప్పుగాలికి కంప్యూటర్లు నిలవవు. మూత విప్పితే బోర్డుల మీద పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కొత్తవి రావు, పాతవాటికి ప్రాణం పోసుకుంటూ ఉండాలి. కొత్త విండోస్ ఆ ముసలి మిషన్ల మీద కూర్చోదు. అందుకని ఒక వేసవి సెలవుల్లో అన్నిటిలోనూ విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించేశాను. ఉచితం, తేలిక, వైరస్‌ల గోల లేదు.

ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. అసలు కారణం ఇంకొకటి. అప్పటిదాకా ల్యాబ్‌లో సగం పీరియడ్ ఆటలకే పోయేది. నేను ఈ వరసలో నడుస్తుంటే ఆ వరసలో తుపాకులు పేలేవి, దగ్గరికి వెళ్ళేసరికి అందరి ముందూ సి ప్రోగ్రామే. ఆ ఆటలన్నీ విండోస్ కోసం చేసినవి కాబట్టి లినక్స్ పెట్టిన మర్నాటి నుంచి ఆ పీడ విరగడైంది. పిల్లలు ఆటలున్న పెన్‌డ్రైవ్ పెట్టడం, ఏమీ కాక మొహాలు వేలాడేసుకోవడం చూసి నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఉద్యోగంలో నేను వేసిన అతి తెలివైన ఎత్తు అదేనని చాలాకాలం నమ్మాను.

అలా నమ్మడానికి నాకూ ఒక ఆధారం ఉంది. చేరిన కొత్తలో నేను స్వయంగా ప్రయత్నించాను. వైన్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాంకూ లినక్స్‌కూ మధ్య నిలబడి దుబాసీ పని చేస్తుంది. దాన్ని పెట్టుకుని ఒక కార్ల ఆటతో మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను. ఎవరెవరో రాసిన సలహాలన్నీ చదివి, పేజీల కొద్దీ కమాండ్లు కొట్టాను. చివరికి స్క్రీన్ నల్లగా ఉండిపోయి కారు హారన్ మాత్రం మోగింది. నేను అంతటితో తీర్పు చెప్పేశాను. ల్యాబ్‌లో లినక్స్ పెట్టాక ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేదాన్ని, ఆటలు కావాలంటే ఇంటికి పొండి, ఇక్కడ ఉన్నది లినక్స్ అని.

ఇక ఆమె సంగతి. మా ల్యాబ్ అటెండర్. నలభై దాటిన మనిషి. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అప్పటికి పదేళ్ళకు పైగానే చేస్తోంది. పొద్దున్నే వచ్చి తాళాలు తీసి, ఊడ్చి, మిషన్ల మీద ఉప్పు తేమ తుడిచి, మెయిన్ వేసేది. మానిటర్ చప్పుడును బట్టి అది ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేది, చాలాసార్లు నిజమయ్యేది. భర్త లేడు. అత్తను, చదువుకుంటున్న కూతురిని ఆ ఉద్యోగమే పోషిస్తోంది. ఆమె తమ్ముడు రొయ్యల మేత తోలే లారీ నడుపుతాడు. ఇంటి ముందర లారీ ఉంది మేడం, ఒకసారి స్టీరింగ్ పట్టుకుంటానంటే ఎక్కనీరు అని ఎప్పుడో ఒకసారి నాతో అంది. నేను ఊఁ కొట్టి నా పనిలో పడిపోయాను.

తనిఖీ రోజు ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చారు. మూడు గంటలకు వస్తామన్న మనిషి భోజనాల వేళకే దిగారు. ప్రిన్సిపాల్ గారు, నేను చేతులు కూడా సరిగ్గా తుడుచుకోకుండా వెనకాలే పరుగెత్తాం. ల్యాబ్ తలుపు తీయగానే ఆమె గభాలున కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె ముందున్న స్క్రీన్ మీద ఒక ఎర్ర లారీ టోల్‌గేట్ దగ్గర ఇంజన్ ఆడుతూ నిలబడి ఉంది.

అధికారి ఆ స్క్రీన్‌ను, ఆమెను మార్చి మార్చి చూశారు.

“ఎవరిదమ్మా ఈ లారీ?” అన్నారు.

“నాదే సార్,” అంది ఆమె.

నేను అదిరిపోయాను. అటెండర్ ఆట ఆడుతున్నందుకు కాదు. భోజనం వేళలో ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు. నా ల్యాబ్‌లో, నా లినక్స్ మీద, విండోస్ ఆట కనిపించినందుకు. పక్కనే పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. అందులో ఉన్నది ఎక్స్‌ఇ ఫైలు, అంటే విండోస్ కోసం చేసిన ఫైలు. నా లెక్క ప్రకారం అది ఇక్కడ కదలకూడదు. కదిలిందంటే ఈ మనిషి ఎవరిచేతనో దొంగ విండోస్ ఎక్కించి ఉండాలి. అదీ విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు ఉన్న మిషన్‌లో! ఆలోచన అక్కడికి చేరడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ప్రిన్సిపాల్ గారు అక్కడికక్కడే ప్లగ్గు పీకించి, మిషన్‌కు గోధుమరంగు కాగితం చుట్టించి, లక్క సీలు వేయించి పరీక్షల గదిలో పెట్టించారు. తర్వాత ఎంక్వయిరీ జరిగింది. ఆమెను మూడుసార్లు అడిగాను, విండోస్ ఎవరు ఎక్కించారు అని. మూడుసార్లూ ఒకటే జవాబు. ఏమీ ఎక్కించలేదు, తమ్ముడి ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న ఆటను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను, రెండుసార్లు నొక్కితే వచ్చింది, అంతే. ఇన్నేళ్ళుగా కళ్ళెదుట ఉన్న మనిషి ఇంత తొణక్కుండా అబద్ధమాడుతుందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మూడు సాయంత్రాలు చచ్చీ చెడీ చేయలేనిది ఈమె రెండుసార్లు నొక్కితే వచ్చిందట!

ఆట ఆడినందుకు అయితే మందలించి వదిలేసేవారే. ప్రిన్సిపాల్ గారు మెత్తని మనిషి. కానీ ప్రభుత్వ మిషన్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టడం వేరే సంగతి. ఆ రెండిట్లో ఏది జరిగిందో తేల్చేది సాంకేతిక అభిప్రాయం. అది ఇవ్వాల్సింది నేను. సదరు సిస్టములో ఉన్న లినక్స్ మీద సదరు ఆట ఆడుటకు వీలున్నదా అని కాగితం మీద అడిగారు. కింద నేను రాశాను: ‘లినక్స్ సిస్టములలో విండోస్ ఆటలు ఆడవు. కావున అనుమతి లేని విండోస్ కాపీ ఎక్కించి ఉండవలెను.’ సీలు విప్పించి ఒకసారి చూస్తారా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు కూడా. అక్కర్లేదు సార్ అన్నాను.

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఔట్‌సోర్సింగ్ మనిషిని తీసేయడానికి పెద్ద తతంగం ఉండదు. ఏజెన్సీకి ఒక ఉత్తరం, అంతే. ఆమె తాళాల గుత్తి నా టేబుల్ మీద పెట్టి, మూలనున్న రెండో యూపీఎస్ చప్పుడు మారింది, చూపించుకోండి అని చెప్పి వెళ్ళిపోయింది. నిజంగానే అది ఆ వారం కాలిపోయింది.

నెల దాటాక పరీక్షల విభాగానికి ఆ మార్కులు కావలసి వచ్చి సీలు విప్పారు. మిషన్‌ను నా గదికి తెప్పించుకున్నాను. పట్టపగలు, ఎండ కిటికీలోంచి నేరుగా టేబుల్ మీద పడుతోంది. మార్కులు తీసి ఇచ్చేశాక దొంగ విండోస్‌ను తుడిచి మళ్ళీ లినక్స్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆన్ చేస్తే వచ్చింది నా లినక్సే. నేను పెట్టిన వరిచేను ఫోటోనే. సరే, ఇంకో మూల దాచి ఉంటారనుకున్నాను. డిస్క్ మొత్తం గాలించాను. విండోస్ లేదు. ఎక్కించి తీసేసిన జాడ కూడా లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కాబట్టి ఒక గంట వెతికాను. నాలుగో కాలు కనిపిస్తూనే ఉంది, నేను చూడలేదు.

ఇక వెతకడానికి చోటు మిగలక, ఆమె పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసుకున్న, ఆమె పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచాను. లారీ బొమ్మ ఉన్న ఫైలు. రెండుసార్లు నొక్కాను.

స్క్రీన్ నల్లబడింది. హమ్మయ్య అనుకున్నాను. దాచడమెందుకు, నిజంగా అలాగే అనుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా వదిలేలోపే రంగులొచ్చాయి, ఇంజన్ మోత వచ్చింది, ఎర్ర లారీ టోల్‌గేట్ దగ్గర నిలబడింది. నా వెన్నులోంచి చలి పుట్టింది. మే నెల ఎండలో కూర్చుని వణికాను. చెప్పుకోవడానికి గదిలో మరో మనిషీ లేడు. లారీ మాత్రం ఇంజన్ ఆడుతూ నా కోసం ఎదురుచూస్తోంది.

అసలు ఎలా సాధ్యమైంది? ల్యాబ్ రిజిస్టర్ తీశాను. అంతకు ముందటి ఏడాది మా ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ ఒకాయన, నన్ను అక్కా అని పిలిచేవాడు, ప్రాజెక్టు కోసం విండోస్ ప్రోగ్రాం ఒకటి కావాలని అడిగాడు. ఏదో ఒకటి చేసుకో నాయనా అన్నాను. ఆయన చేసుకుని, రిజిస్టర్‌లో రాసి, తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయాడు. ‘అన్ని సిస్టములలోను వైన్ ఎక్కించడమైనది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని కింద ల్యాబ్ ఇన్‌ఛార్జి సంతకం. నాదే. చదవకుండా పెట్టిన సంతకం. ఆడవన్న నా మాట నమ్మి ఆ తర్వాత పిల్లలెవరూ నొక్కి చూసినట్టు లేదు.

నేను ఆ మూడు సాయంత్రాల దగ్గరే ఆగిపోయి ఉంటే, లోకం ఎక్కడా ఆగలేదు. తర్వాత చదువుకుంటే తెలిసింది. ఈ మధ్యకాలంలో ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని ఆ దుబాసీకి బాగా చదువు చెప్పారు. పేజీల కొద్దీ కమాండ్లు పోయి, చాలా ఆటలకు నొక్కడమొక్కటే మిగిలింది. చేతిలో పట్టుకుని ఆడే ఆటల పెట్టెల్లో లినక్స్‌తోనే నడిచేవి కూడా ఉన్నాయని చదివి మళ్ళీ ఉలిక్కిపడ్డాను. అన్నీ ఆడతాయని కాదు. నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడే కొన్ని ఆటల్లో మోసాన్ని పట్టే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. వాటిలో కొన్ని లినక్స్ అని తెలియగానే లోపల ఏముందో చూడకుండా గుమ్మంలోనే ఆపేస్తాయి. వాటిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను చేసిన పనీ అదే.

మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. నా చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. డిస్క్ తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే ఎవరికీ తెలియదు. ఎక్కించాల్సిన పనే అది, దానికే కూర్చున్నాను. నా రిటైర్మెంట్ నాలుగు నెలల్లో ఉంది. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. అప్పుడు ఆమె ఎక్కడ పని చేస్తోందో గుర్తొచ్చింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందని మా వాచ్‌మన్ చెప్పాడు. పెన్‌డ్రైవ్ బ్యాగులో పడేసి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

ఆయనకు విషయం చెప్పడం ఒక ప్రహసనం అయింది. వైన్ అనగానే ఆయన కళ్ళజోడు తీసేశారు. చర్చిలో సంఘ పెద్ద. ప్రభు బల్ల నాటి ద్రాక్షరసం తప్ప మరొకటి ఎరగని మనిషి. కాలేజీలోకి వైన్ తెచ్చి, ఎక్కించి, అది రిజిస్టర్‌లో కూడా రాశారా అని నిర్ఘాంతపోయారు. అది సాఫ్ట్‌వేర్ పేరని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. ఇంకో రోజైతే నవ్వలేక పొట్ట చెక్కలయ్యేది. నమ్మాక ఆయన మొహం ఇంకా పాలిపోయింది. ఫైలు మూసేశాం, ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చేశారు, గౌరవంగా రిటైర్ కావలసిన సమయంలో మీ మీద మీరే రాసిస్తారా అని అడిగారు.

“రాసింది నేను సార్. తప్పని కూడా నేనే రాయాలి,” అన్నాను.

రాసివ్వండి, పైకి పంపిస్తాను అన్నారు ఆయన. ఆ కాగితం నాలుగుసార్లు చింపి రాశాను. ‘తెలియక’ అని ఒకసారి, ‘పొరపాటున’ అని ఒకసారి రాసి కొట్టేశాను. చివరికి ‘పరిశీలించకుండా’ అని రాశాను. నా సర్వీసులో నేను రాసిన నిజమైన మాటల్లో అదొకటి.

మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. తలకు టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు, ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళతో బయటికి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు లేదు. మిషన్ తెరిచాను, నువ్వు చెప్పిందే నిజం, తప్పు రాశానని పైకి రాసిచ్చాను అని గబగబా చెప్పేశాను. ఆమె అంతా విని, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ల్యాబ్‌లో ఆటలు ఆడరు అని రాసుంటే తప్పు నాదే మేడం. ఆడకూడని చోట ఆడినా. మీరు ఆడవు అని రాసినారు. అది మిషన్ సంగతి. మిషన్ సంగతి నాకేం తెలుస్తది, మీకు గదా తెలియాల్సింది,” అంది.

ఇన్నేళ్ళు తెలుగులో పాఠం చెప్పాను. ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ షెడ్డు ముందు నిలబడి నేర్చుకున్నాను. ఒకటి మనుషుల గురించిన మాట, ఇంకొకటి మిషన్ గురించిన మాట. నేను మిషన్ గురించి రాశాననుకుంటూ మనిషి గురించి రాసేశాను.

అదే అధికారి మళ్ళీ వచ్చారు. అందరి ముందూ మిషన్ ఆన్ చేసి, విండోస్ లేదని చూపించి, ఫైలు నొక్కాను. లారీ వచ్చింది. ఆయనకు ఇంకా నమ్మకం కుదరక, ఇది మీరు నేర్పించి పెట్టింది కాదు కదా అని ఆమెను కూర్చోమన్నారు. ఆమె చీర కొంగు దోపుకుని కూర్చుని, టోల్‌గేట్ దాటించి, ఒక గోడౌన్ ముందు ఆ పొడుగాటి లారీని ఒక్క దెబ్బకు రివర్స్‌లో పెట్టింది. అధికారి తనకు కారే అలా పెట్టడం రాదని ఒప్పుకున్నారు. ఆట ఆడినందుకు ఆమెకు హెచ్చరిక, పరిశీలించకుండా రాసినందుకు నాకు మెమో. ఆమెను తిరిగి తీసుకోమని ఏజెన్సీకి ఉత్తరం వెళ్ళింది. మధ్యలో వచ్చిన అమ్మాయిని హాస్టల్ ఆఫీసుకు సర్దారు. నా సంజాయిషీ నేను ఇచ్చుకున్నాను. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

ఆమె తిరిగి వచ్చిన రోజు పొద్దున నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. తాళాల గుత్తి చేతికిచ్చాను. ఆమె ఎప్పటిలాగే మొదటి వరస నుంచి తుడుచుకుంటూ వచ్చింది. నాకు మాత్రం కడుపులో ఒక సందేహం ఉండిపోయింది. నిజం చెప్పాలంటే అది సందేహం కూడా కాదు, తప్పులో కొంచెం ఆమెకూ పంచాలనే ఆశ. ఇంత గట్టిగా తెలిసినదానివి, ఎక్కించలేదు, ఎక్కించలేదు అని ఊరుకునే బదులు, ఒకసారి మీరే నొక్కి చూడండి అని నాతో ఒక్క మాట అనకపోయావా అని అడిగాను.

ఆమె గుడ్డ పిండుతూ ఆగింది.

“అన్నా మేడం. ఎంక్వయిరీ రోజు, సార్ ముందరే. ఒకసారి మీరే నొక్కి చూడండి మేడం, వస్తది అన్నా. మీరు నవ్వినారు. మీరు నవ్వితే సార్ కూడా నవ్వినారు. ఇంక నేనేం చెప్పేది?”

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. జరిగింది చెప్పి, తర్వాతి మిషన్ దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ రోజు ఎంక్వయిరీలో నేను మూడుసార్లు అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది. టేబుల్ మీద ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుంది. ఆమె ఆ మాట అనడం గుర్తు లేదు. నేను నవ్వడం అసలే గుర్తు లేదు. కానీ ఆమె చెప్పింది నిజమని నాకు వెంటనే తెలిసిపోయింది, ఎందుకంటే ఆ నవ్వు నాకు తెలుసు. ల్యాబ్‌లో ఎవరైనా మేడం, ఇలా చేస్తే వస్తుందేమో అన్నప్పుడల్లా నేను నవ్వే నవ్వే అది. ఇరవై ఎనిమిదేళ్ళలో దాన్ని చూసి ఎంతమంది నోరు మూసుకుని కూర్చున్నారో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.